లైట్లు కట్టే నాన్న, లైట్ ఆర్ట్ అంటున్న కూతురు

ప్రశ్న: మాది శ్రీకాకుళం. పెళ్లిళ్లకు, ఊరి సంబరాలకు లైటింగ్ డెకరేషన్ చేస్తుంటాను. మా పాప ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. మార్కులు బాగానే వస్తున్నాయి. మొన్న కార్తీక మాసంలో అరసవల్లి గుడి, నాగావళి వంతెన, కళింగపట్నం లైట్‌హౌస్ నమూనాలు అట్టతో చేసి మేడ మీద పెట్టింది. వాటికి ఎల్‌ఈడీ స్ట్రిప్పులు అతికించి, రంగులు మారేలా ప్రోగ్రాం కూడా తనే రాసింది. వీధంతా వచ్చి చూశారు. అప్పటి నుంచి ఇంజినీరింగ్ వద్దు, లైట్ ఆర్ట్ చదువుతానంటోంది. అసలు అలాంటి చదువుందా? ఎండనక వాననక నిచ్చెనలెక్కి చదివిస్తున్నది మళ్లీ లైట్లు కట్టడానికేనా అని బాధగా ఉంది.

జవాబు: నమస్కారమండీ. మీరు అడిగింది చదువు గురించే అయినా, చివరి వాక్యం దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. ముందు దాని సంగతి చూద్దాం.

జనరేటర్ ఎంత లోడు మోస్తుంది, మూడు ఫేజుల మీద లోడు ఎలా పంచాలి, వాన పడితే ఏ జాయింటు ముందు పోతుంది, ఎర్త్ సరిగ్గా లేకపోతే ఏమవుతుంది... ఇవన్నీ మీకు తెలుసు. పెద్ద డిజైన్ కాలేజీల్లో చదివిన పిల్లలు ఇవి సైటు మీదికెళ్లాక, ఎలక్ట్రీషియన్ల చేత తిట్లు తిని నేర్చుకుంటారు. మీ పాప ఇంట్లోనే చూస్తూ పెరిగింది. కాబట్టి మీ పనిని చిన్నబుచ్చుకోకండి. బెంగాల్‌లో హుగ్లీ నది ఒడ్డున చందన్‌నగర్ అనే ఊరుంది. జగద్ధాత్రి పూజకు అక్కడి వీధుల్లో పెట్టే లైటు బొమ్మలు దేశమంతా పేరు పొందాయి. చిన్న బల్బులు, తిరిగే రోలర్లతో బొమ్మలు కదిలినట్టు చేసిన రోజుల నుంచి ఇప్పటి ఎల్‌ఈడీల దాకా, ఆ ఊళ్లో ఎన్నో కుటుంబాలకు ఇదే బతుకుతెరువు. వాళ్లు మొదలుపెట్టింది మీరు చేస్తున్న పనితోనే.

ఇదే పని ఇంకెంత దూరం వెళ్తుందో కూడా చూడండి. లండన్‌లో థేమ్స్ నది మీద తొమ్మిది వంతెనలకు లియో విల్లారియల్ అనే అమెరికన్ కళాకారుడు లైట్లు రూపొందించాడు. 2019లో మొదటి నాలుగు వంతెనలు, 2021కి మొత్తం తొమ్మిదీ వెలిగాయి. అక్కడ మీకు రంగుల హోరు కనిపించదు. నది నడకలా నెమ్మదిగా కదిలే వెలుగు, అంతే. ఫ్రాన్సులో లియోన్ నగరం లైట్ల పండుగ ఇప్పుడు ప్రపంచ ప్రసిద్ధం. దాని మూలం 1852 డిసెంబరు 8న ఆ ఊరి జనం ఇళ్ల కిటికీల్లో పెట్టిన కొవ్వొత్తులు. మన కార్తీక దీపాలకు దగ్గరి చుట్టమే కదా.

ఇక పాప చేసిన పని. నిజాయితీగా చెప్పాలంటే, అందులో ప్రోగ్రాం నాకు నచ్చింది. ఆలోచన ఇంకా చాలదు. గోపురం అంచు వెంట స్ట్రిప్పు పెట్టి రంగులు మార్చడం అందరూ చేసేదే. ఫంక్షన్ హాలు ముందు ఆర్చికీ దానికీ పెద్ద తేడా ఉండదు. కట్టడం ఆకారాన్ని మాత్రమే తీసుకుంటే అది డెకరేషన్‌గానే మిగులుతుంది. ఆ కట్టడం ఏం చేస్తుందో పట్టుకోవాలి.

అరసవల్లినే తీసుకోండి. మార్చిలో 9, 10 తేదీల ప్రాంతంలో, అక్టోబరులో 1, 2 తేదీల ప్రాంతంలో ఉదయపు సూర్యకిరణాలు మండపం, ద్వారం దాటి స్వామి పాదాలను తాకుతాయి. ఏడాదిలో రెండుసార్లే ఎందుకు? ఉత్తరానికి వెళ్తున్న సూర్యుడు మార్చిలో ఏ దిక్కున ఉదయిస్తాడో, దక్షిణానికి తిరిగొస్తూ అక్టోబరు మొదట్లో ఇంచుమించు అదే దిక్కున ఉదయిస్తాడు. గుడిని ఆ రేఖకు సరిపెట్టారు. మబ్బు పట్టిందా, ఆ రోజుకి దర్శనం లేదు. ఒక రేఖ, ఒక ద్వారం, కొన్ని నిమిషాలు, మిగతా ఏడాదంతా ఎదురుచూపు. దీన్ని మించిన లైట్ ఆర్ట్ పాఠం ఏ సిలబస్‌లోనూ నాకు కనిపించలేదు. పాపను ఒక పెద్ద అట్టపెట్టె తీసుకుని, లోపల ఒకే ఒక దీపం, ఒకే ఒక సందు పెట్టి, వెలుగు ఒక నిర్ణీత చోట, నిర్ణీత సమయంలో మాత్రమే పడేలా చేయమనండి. రంగు ఒక్కటే. ఖర్చు దాదాపు సున్నా. కానీ మేడ మీది ప్రదర్శన కన్నా చాలా కష్టం.

నాగావళి సంగతీ అంతే. వంతెన బొమ్మ చేసింది కానీ నదిని వదిలేసింది. వేసవిలో మన నది సగానికి పైగా ఇసుక. తుఫాను వస్తే అదే నది మట్టి రంగులో ఒడ్డుదాకా వస్తుంది. పైన తోటపల్లి బ్యారేజీ గేట్లు ఎత్తితే ఆ నీళ్లు ఊరికి చేరడానికి సమయం పడుతుంది. ఆ ఎదురుచూపు ఒడ్డున ఉండేవాళ్లకు తెలుసు. నీటిమట్టం పెరిగే కొద్దీ ఒక్కో వరుసే పైకి వెలిగే స్తంభం ఊహించండి. బకెట్ పైన అల్ట్రాసోనిక్ సెన్సర్ పెట్టి ఇంట్లోనే మొదటి నమూనా చేయొచ్చు, అది రెండు సెంటీమీటర్ల నుంచి నాలుగు మీటర్ల దాకా దూరం కొలుస్తుంది. ఇంకో పని: నీళ్ల మీద దీపం ప్రతిబింబం గుండ్రంగా కాకుండా మన వైపు సాగిన గీతలా ఎందుకు కనిపిస్తుందో వంతెన మీద నిలబడి గమనించమనండి. అలలు చిన్న చిన్న అద్దాల్లా రకరకాలుగా వంగి ఉంటాయి కాబట్టి, అని పుస్తకం చెబుతుంది. చూసి బొమ్మ గీసుకుంటేనే అది చేతిలో పనిముట్టు అవుతుంది.

ఎంపీసీ వృథా అవుతుందేమోనని పాపకు టెన్షన్ ఉంటే పోగొట్టండి. స్ట్రిప్పు పొడవు పెరిగితే చివర్లో తెలుపు కాస్తా పసుపు, ఎరుపు తిరుగుతుంది. తను చూసే ఉంటుంది. దారిలో వోల్టేజి పడిపోవడమే కారణం. ఐదు వోల్టుల రకం ఎల్‌ఈడీ ఒక్కొక్కటి పూర్తి తెలుపులో దాదాపు 60 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. 300 ఎల్‌ఈడీలంటే 18 ఆంపియర్లు. మధ్యమధ్యలో విడిగా సప్లై ఇవ్వాల్సిందే. స్టేజి లైట్లను నడిపే డీఎమ్‌ఎక్స్ పద్ధతిలో ఒక లైనుకు 512 చానళ్లు. మూడు రంగుల లైటుకు మూడు చానళ్ల చొప్పున 170 లైట్లు. ఇంటర్ లెక్కలే ఇవి. నీళ్ల దగ్గర పని చేసేటప్పుడు మాత్రం 5, 12 వోల్టులు దాటనివ్వకండి, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపే స్విచ్) ఉండాలి. ఇది మీకు చెప్పక్కర్లేదు గానీ తనకు మీరే చెప్పాలి.

చదువు విషయానికొస్తే, డిగ్రీ సర్టిఫికెట్ మీద లైట్ ఆర్ట్ అని రాసి ఇచ్చే కోర్సు కోసం వెతకడం దండగ. డిజైన్ డిగ్రీ చదువుతూ ప్రాజెక్టులన్నీ వెలుగు చుట్టూ చేసుకోవడమే దారి. ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల నాలుగేళ్ల బీడిజైన్ ఉంది, యూసీడ్ పరీక్షతో సీటు వస్తుంది. ఇంటర్‌లో ఏ గ్రూపైనా రాయొచ్చు. అందులో కంప్యూటర్ మీద రాసే భాగంతో పాటు చేత్తో బొమ్మ గీసే భాగం ఉంటుంది, మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) సంస్థలకు డాట్ అనే వేరే పరీక్ష. మన రాష్ట్రంలోనూ ఒక ఎన్ఐడీ ఉంది. దగ్గర్లోనే కావాలంటే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. అక్కడ చేయి, కన్ను బాగా తయారవుతాయి, టెక్నాలజీ మాత్రం సొంతంగా నేర్చుకోవాలి.

నా అభిప్రాయం అడిగితే, ఇప్పుడే ఇంజినీరింగ్‌ను తోసేయొద్దు. ఈఏపీసెట్ రాయాలి, యూసీడ్, డాట్ కూడా రాయాలి. మంచి డిజైన్ సంస్థలో సీటొస్తే వెనకాడకుండా పంపండి. రాకపోతే ఈఈఈ గానీ ఈసీఈ గానీ చదివి, తర్వాత సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎండిజైన్‌కు, అంటే డిజైన్‌లో పీజీకి వెళ్లొచ్చు. ఈ రంగంలో ఆ దారిన వచ్చినవాళ్లకు విలువ తక్కువేమీ కాదు, సైటు మీద వాళ్ల మాటే చెల్లుతుంది. లక్షలకు లక్షలు ఫీజు అడిగి, పేరులో డిజైన్ ఉందని చేర్చుకునే ప్రైవేటు కాలేజీల విషయంలో మాత్రం జాగ్రత్త. చేరే ముందు గత బ్యాచ్ పిల్లల ప్రాజెక్టులు చూపించమని అడగండి. చూపించడానికి నసిగితే బయటికి వచ్చేయండి.

ఉద్యోగాలు ఎక్కడ? భవనాలకు లైటింగ్ డిజైన్ చేసే కన్సల్టెన్సీలు, మ్యూజియంలు, హైదరాబాద్ సినిమా, స్టేజి రంగాలు, ఈవెంట్ కంపెనీలు, కోటల్లో సౌండ్ అండ్ లైట్ షోలు. జీతం నెలనెలా వచ్చేది మొదటి రకంలోనే. మిగతావి సీజన్ పనులు, మీ వ్యాపారం లాగే. శుద్ధంగా కళాకారిణిగా బతకాలంటే చాలా ఏళ్లు పడుతుంది, ఈలోగా వేరే పని చేతిలో ఉండాలి. ఇంకో నిజం: లైటును గురి చూసి బిగించే పని చీకటి పడ్డాకే జరుగుతుంది. రాత్రి సైట్లు తప్పవు. ఆడపిల్ల అని ఆపేయమని నా ఉద్దేశం కాదు. చేరే సంస్థ రాత్రి పనికి వాహనం ఇస్తుందా, జట్టులో ఇంకెవరుంటారు అని అడగడం మీ హక్కు.

లైట్‌హౌస్ దగ్గర బీచ్‌లో ప్రదర్శన పెట్టాలన్న ఆలోచన వస్తే జనవరి నుంచి మే దాకా వద్దనండి. మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాక ఎటు వెలుగు ఎక్కువగా ఉంటే అటు నడుస్తాయి, సముద్రం బదులు మన లైట్ల వైపు వచ్చేస్తాయి. లండన్‌లో ఆ వంతెనల లైట్లు కూడా రాత్రి రెండింటికి ఆర్పేస్తారు.

ఈ ఏడాదికి కొత్తగా ఏమీ కొనొద్దు. కంప్యూటర్‌లో త్రీడీ నమూనాలు చేసే బ్లెండర్, లైటింగ్ లెక్కలు వేసే డయలక్స్ ఉచితం, కదిలే వెలుగు దృశ్యాలు నడిపే టచ్ డిజైనర్‌కూ వ్యాపారేతర వాడకానికి ఉచిత వెర్షన్ ఉంది. వారానికి రెండు మూడు సాయంత్రాలు ఏడు రోడ్ల కూడలి దగ్గరో, కోటేశ్వరాలయం దగ్గర నది ఒడ్డునో కూర్చుని స్కెచ్ పుస్తకం నింపాలి. తేదీ, సమయం, వెలుగు ఎటు నుంచి పడుతోందో పక్కన రాయాలి. వచ్చే సీజన్‌లో మీ పనుల్లో ఒక చిన్న పందిరి పూర్తిగా తనకే అప్పజెప్పండి, బడ్జెట్‌తో సహా. ఎంత దక్కిందో, ఎంత పోయిందో లెక్క తనే రాయాలి.

యూసీడ్ దరఖాస్తులు మామూలుగా అక్టోబరులో మొదలవుతాయి, పరీక్ష జనవరిలో. రెండో సంవత్సరం మొదలవగానే డ్రాయింగ్ ప్రాక్టీసు రోజువారీ పనిగా పెట్టాలి. మీకు రిజర్వేషన్ వర్తిస్తే సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ అయితే ఆ ఏడాదికి చెల్లేలా కొత్తగా తీసుకోండి. రాష్ట్ర ఫార్మాట్‌తో అప్‌లోడ్ చేసి చివర్లో పరుగులు పెట్టే తల్లిదండ్రులను ఏటా చూస్తున్నాను. సచివాలయంలో సెప్టెంబరులోనే అడగండి.