రక్తం ఆగిందని వదిలేశాం, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మా లాబ్రడార్‌కి రెండున్నరేళ్లు. ఈసారి ఎదకొచ్చినప్పుడు 10 రోజులు రక్తం కనబడి, తర్వాత నీళ్లలా పలచబడింది. ఇక అయిపోయిందనుకుని 13వ రోజున పెరట్లోకి వదిలాం. గోడ దూకి వచ్చిన మగకుక్కతో కలిసింది. పావుగంట సేపు రెండూ అతుక్కుపోయాయి. ఒక్కసారికే కడుపొస్తుందా? ఎప్పుడు తెలుస్తుంది? మాకు పిల్లలు వద్దు.

జవాబు: ఒక్కసారి చాలు. మీ కుక్క విషయంలో అవకాశం బాగా ఎక్కువ కూడా, ఎందుకంటే మీరు అయిపోయిందనుకున్నప్పుడే అసలు రోజులు మొదలయ్యాయి. ఆడవాళ్ల నెలసరి లెక్క కుక్కకు వర్తించదు. నెలసరి రక్తం గర్భం రాలేదనడానికి గుర్తు. కుక్కకు మాత్రం అండాలు విడుదల కాకముందే రక్తం కనిపిస్తుంది.

ఈ మొదటి దశ సగటున 9 రోజులు. కొన్నింటికి 3 రోజుల్లోనే ముగుస్తుంది, కొన్నింటికి 17 రోజులు సాగుతుంది. మగకుక్కలు వెంటపడతాయి గానీ ఇది గుర్రుమంటుంది, చతికిలబడుతుంది, మీదికి రానివ్వదు. తర్వాతి దశ కూడా ఇంచుమించు అన్నే రోజులు. స్రావం ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది, వాచి బిగుసుకున్న జననాంగం మెత్తబడుతుంది. తోక మొదట్లో గోకి చూడండి: తోక పక్కకు తిప్పి కదలకుండా నిలబడిందంటే మగకుక్కను రానిస్తుందన్నమాట. రంగును మాత్రమే నమ్ముకోవద్దు, కొన్నింటికి చివరిదాకా ఎర్రగానే ఉంటుంది.

విడుదలైన అండం వెంటనే పనికిరాదు. పక్వం కావడానికి 2, 3 రోజులు పడుతుంది, ఆపై ఇంకో రెండు మూడు రోజులు నిలుస్తుంది. మగకుక్క వీర్యకణాలేమో లోపల 5 నుంచి 7 రోజులు బతికి, అండం కోసం కాచుకుంటాయి. అందుకే కలిసిన రోజు కాస్త ముందైనా కడుపు నిలుస్తుంది. అతుక్కోకుండా విడిపోయినా గర్భం రావచ్చు. అతుక్కున్నాక లాగడం, నీళ్లు కుమ్మరించడం వల్ల ఒరిగేదేమీ లేదు. వీర్యం అప్పటికే లోపలికి చేరి ఉంటుంది, పైగా రెండింటికీ గాయాలవుతాయి.

పిల్లలు వద్దంటే ఈ వారంలోనే పశువైద్యుణ్ని కలవండి. ఇక ఎప్పటికీ పిల్లలు వద్దనుకుంటే గర్భసంచి తీసేసే ఆపరేషన్ శాశ్వత మార్గం. లేదంటే గర్భాన్ని నిలవనివ్వని అగ్లెప్రిస్టోన్ ఇంజెక్షన్‌ను 24 గంటల తేడాతో రెండుసార్లు ఇస్తారు. వెనకటి పద్ధతిలో ఈస్ట్రోజెన్ ఇంజెక్షన్ వేయించుకోకండి. గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది, ఎముక మూలుగ దెబ్బతింటుంది. మనుషుల మాత్రలైతే అసలే వద్దు. ఈలోగా కుక్కను ఇంకో రెండు వారాలు ఇంట్లోనే ఉంచండి. మరో మగకుక్కతో కలిస్తే ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టగలవు.

కలిసి 25 రోజులు దాటాక స్కాన్‌లో గర్భం తెలుస్తుంది. తొందరగా చేయించి 'లేదు' అనిపించుకుంటే రెండు వారాలాగి మళ్లీ చూపించండి. పిల్లల సంఖ్య కావాలంటే 55వ రోజు తర్వాత ఎక్స్‌రే. మనుషుల ప్రెగ్నెన్సీ కిట్ వృథా, అది వెతికే హార్మోన్ కుక్కల్లో తయారవదు. ఈనడం అండం విడుదలైన 63 రోజులకు, ఒకటి రెండు రోజులు అటూఇటూగా. కలిసిన రోజు నుంచి లెక్కిస్తే 57 నుంచి 72 మధ్య ఎప్పుడైనా కావచ్చు.

ప్రశ్న: మా పామరేనియన్ ఏ మగకుక్కతోనూ కలవలేదు. ఎద అయిన రెండు నెలలకు పొదుగు ఉబ్బి పాలొస్తున్నాయి. బొమ్మలను కడుపు కింద దాచుకుంటోంది. కడుపా?

జవాబు: కలవలేదన్నది ఖాయమైతే ఇది ఉత్తుత్తి గర్భం. గర్భం ఉన్నా లేకున్నా కుక్కల్లో గర్భాన్ని నిలిపే హార్మోన్ ప్రొజెస్టిరాన్ దాదాపు రెండు నెలలు ఎక్కువగానే ఉంటుంది. అది పడిపోయినప్పుడు పాలను తయారుచేసే హార్మోన్ పెరుగుతుంది. పాలు పిండకండి, పిండే కొద్దీ ఊరతాయి. నాక్కోకుండా మెడకు గరాటులాంటి కాలర్ వేసి, బొమ్మలు తీసేసి, ఎక్కువగా నడిపించండి. రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. పొదుగు వేడిగా, గట్టిగా మారితే మాత్రం చూపించాలి.

అదే కుక్క నీళ్లు అదేపనిగా తాగుతూ, తిండి మానేసి, నీరసంగా పడి ఉంటే సంగతి వేరు. గర్భసంచికి చీము పట్టడం ఎక్కువగా ఎద తర్వాతి రెండు నెలల్లోనే జరుగుతుంది. గర్భాశయ ముఖం మూసుకుపోయి ఉంటే బయటికి చుక్క చీము కూడా కనబడదు, కాబట్టి స్రావం లేదని ఊరుకోకండి. అది ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన జబ్బు.