బొగ్గుబాయి మేనమామ: యువ రచయితకు లేఖ

విజయవాడ

తమ్ముడూ,

గుంటూరు నుంచి నువ్వు పంపిన కథ చదివాను. కొత్తగూడెం బొగ్గుబాయిలో పనిచేస్తూ, తెలంగాణ సాయుధ పోరాట దళాలకు రహస్యంగా కబుర్లు చేరవేసే మేనమామ బాగున్నాడు. కాకపోతే అతను తాగుతాడని పేజీ పేజీకీ చెప్పావే గానీ, ఆ తాగుడు వల్ల కథలో ఒక్కటీ జరగలేదు. సీసా తీసేసినా కథ అలాగే నడుస్తోంది. లోపం అక్కడుంది.

ముందు కాలం తేల్చుకో. 1947 అయితే అవతల నిజాం రాజ్యం, రజాకార్లు, సరిహద్దులో కరోడ్‌గిరీ (నిజాం సుంకాల శాఖ) వాళ్ల సోదా. 1949 అయితే నిజాం లొంగిపోయాడు, దళాల వెంటపడుతున్నది యూనియన్ సైన్యం. నువ్వు రెండిటినీ ఒకే రాత్రిలో కుక్కావు. నన్నడిగితే 1949 తీసుకో. 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చేసింది. కొత్తగూడెంలో షిఫ్టు దిగి దర్జాగా కల్లు తాగే మనిషి, బెజవాడ స్టేషన్లో కాలు పెట్టేసరికి నేరస్థుడు. జేబులో చీటీ ఉందని ఎవరికీ తెలియకపోయినా, నోటి వాసనకే పట్టుకుంటారు. తాగుడు కథలో పని మొదలుపెట్టేది ఇక్కడే.

అతన్ని నేరుగా బెజవాడలో దింపావు. కొత్తగూడెం బ్రాంచి లైను డోర్నకల్‌లో మెయిన్ లైన్లో కలుస్తుంది, అక్కడ అతని చేత బండి మార్పించు. ఆ ఎదురుచూపు వదులుకోకు. తాగినవాడి పక్కన ఎవరూ కూర్చోరు, అతని సంచీ ఎవరూ ముట్టుకోరు. ఇక జీతం హాలీ సిక్కాలో, అంటే నిజాం రాజ్యపు సొంత నాణెంలో. అప్పట్లో ఏడు హాలీ రూపాయలు సుమారుగా మన ఆరు రూపాయలకు సమానం. మత్తులో బెజవాడ కాఫీ హోటలు బల్ల మీద హాలీ నాణెం పెట్టాడా, ఎటునుంచి వచ్చాడో పక్కవాడికి తెలిసిపోయినట్టే.

పేలుడు మందు పెట్టె ఎత్తుకెళ్లే ఘట్టం కొట్టెయ్. గనిలో మందు లెక్కపెట్టి ఇస్తారు, మిగిలింది లెక్కపెట్టి తీసుకుంటారు. తట్టా చెమ్మాసు (పార) పట్టి టబ్బుల్లోకి బొగ్గు ఎత్తే ఫిల్లరు చేతికి పెట్టెకు పెట్టె ఎవరిస్తారు? అతను చేరవేయగలిగినవి చిన్నవి. క్వినైను బిళ్లలు, టించరు సీసా, పోలీసు లారీ ఏ ఊరి దారి పట్టిందన్న కబురు. అడవిలో మలేరియాతో పడున్న దళానికి క్వినైనే ముందు కావాలి.

గని లోపల ఒక్కటి దగ్గరగా చూపించు చాలు. కప్పును కడ్డీతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టిగా ఉంది. డొల్ల చప్పుడొస్తే పొర విడింది, వెనక్కి జరగాలి. ఆ చెవినే రహస్యపనిలోకి తెచ్చుకో. అర్ధరాత్రి తలుపు తడితే అతను మనిషిని అడగడు, చప్పుడు వింటాడు. పొద్దున్నే తొలి గుక్క పడేదాకా చేతులు వణుకుతుంటాయి, కడ్డీ నిలవదు. సంఘం వాళ్లు అతన్ని పూర్తిగా నమ్మకపోవడానికి ఆ వణుకే కారణమని రాయి. నాకైతే దేశభక్తి మాటలకన్నా ఆ అపనమ్మకమే రుచిగా ఉంటుంది.

ఇక లాకప్పు. నువ్వు లాఠీలతో నాలుగు పేజీలు నింపావు, అవసరం లేదు. రోజూ బాగా తాగేవాడికి మందు ఆగితే కొన్ని గంటల్లోనే చెమటలు, వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. రెండో మూడో రోజున కొందరికి మతి చలించి, లేని మనుషులు కనబడతారు, ప్రాణం మీదికీ రావచ్చు. దెబ్బలకు నోరు విప్పనివాడు అప్పుడు వాగుతాడు. టబ్బులు, కప్పు కూలడం, షిఫ్టు సర్దారు మీద తిట్లు, వాటి మధ్య దళంలోని రెండు నిజమైన పేర్లు. స్టేషను రైటరు అన్నీ రాసుకుంటూనే ఉంటాడు, ఏది గని గోలో ఏది గుట్టో అతనికీ తెలియదు. బయట అన్నం కారియరు పట్టుకుని నిలబడ్డ మేనల్లుడికి మాత్రం తెలుస్తుంది.

చివరి పేజీ ఉపన్యాసం తీసేసి, పేర్లు బయటపడ్డాయన్న కబురు పోలీసులకన్నా ముందుగా డోర్నకల్ చేర్చే పని ఆ కుర్రాడికి అప్పగించు. సవరించాక ఠావుకి ఒకవైపే రాసి, మార్జిను వదిలి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య