చెరువుల కేసులు వాదించే లాయర్ కావాలంటే ఏం నేర్చుకోవాలి?

మీరు రెండు విషయాలు అడిగారు. ఎల్‌ఎల్‌బీ అయిపోయింది, నీటి వనరుల కోసం వాదించే లాయర్‌గా నిలదొక్కుకోవాలంటే ఏం నేర్చుకోవాలన్నది మొదటిది. ఊరి చెరువులో ఒక పక్క ప్లాట్లు వేస్తున్నారు, ఇంకో పక్క మురుగు వదులుతున్నారు, కేసు ఎక్కడ వేయాలన్నది రెండోది. రెండోదానికి జవాబు చెబితే మొదటిదానికి చాలావరకు చెప్పినట్టే.

ముందు చిన్న సంగతులు. బార్ కౌన్సిల్‌లో నమోదుకి జనరల్ అభ్యర్థుల దగ్గర 750 రూపాయలకు, ఎస్సీ ఎస్టీల దగ్గర 125 రూపాయలకు మించి తీసుకోకూడదని 2024లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. నమోదయ్యాక ఆలిండియా బార్ పరీక్ష రాయాలి. ఆ తర్వాత పర్యావరణ కేసులు మాత్రమే చూసే సీనియర్ కోసం వెతక్కండి. భూమి, రెవెన్యూ కేసులు బాగా చూసే ఆఫీసులో కనీసం రెండేళ్లు కూర్చోండి. చెరువు కేసు సగానికి పైగా భూమి కేసే. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల హద్దులు, కొలతలు గీసిన పుస్తకం) చదవడం రాని లాయర్, జీవించే హక్కు చెప్పే ఆర్టికల్ 21 మీద ఎంత బాగా మాట్లాడినా అవతలి లాయర్ ఒక్క సర్వే నంబరుతో కూర్చోబెట్టేస్తాడు.

రికార్డులు ఇలా పోగుచేయాలి. ఆంధ్రాలో ఆర్‌ఎస్‌ఆర్ (పాత సర్వే నాటి భూమి రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ, అడంగల్ (ఏటా సాగు వివరాలు రాసేది). తెలంగాణలో సేత్వార్ (పాత సర్వే నాటి భూమి రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (ఆ ఏటి హక్కు, సాగు రికార్డు), టీపన్ (సర్వే నంబరు కొలతల పటం). రెండు చోట్లా గ్రామ పటం. ఇరిగేషన్ ఆఫీసు నుంచి చెరువు మెమోయిర్ (చెరువు మట్టాలు, కొలతలు రాసిన రికార్డు). సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్, పాత శాటిలైట్ చిత్రాలు. ఆఫీసు రికార్డులకు పది రూపాయలకు మించని ఫీజుతో ఆర్‌టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. ‘చెరువు వివరాలు ఇవ్వండి’ అని రాస్తే ‘వివరాలు స్పష్టంగా లేవు’ అని వస్తుంది. ఏ సర్వే నంబరు, ఏ రిజిస్టరు, ఏ సంవత్సరమో రాసి సర్టిఫైడ్ కాపీ అడగండి. ఫైలు స్వయంగా చూసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. కాపీ కన్నా ఫైలు చూడటంలోనే ఎక్కువ దొరుకుతుంది, అధికారులు రాసుకున్న నోట్ షీట్లు కంటబడేది అక్కడే.

వీటన్నిటిలోకీ కీలకం ఎఫ్‌టీఎల్ గీత. చెరువు నిండి అలుగు పారడం మొదలయ్యే మట్టమే ఎఫ్‌టీఎల్. అలుగు పైఅంచు మీద లెవల్ తీసుకుని, చుట్టూ అదే ఎత్తులో గీత గీస్తే హద్దు వస్తుంది. మోసం జరిగేదీ ఇక్కడే. అలుగును ఒక అడుగు కొట్టేస్తే నీళ్లు ఆ మట్టంలోనే బయటికి పోతాయి. చెరువు వాలు తక్కువైన వైపు ఎకరాల కొద్దీ నేల తేలుతుంది, కొత్తగా సర్వే చేసినవాళ్లు తగ్గిన అలుగునే కొలుస్తారు. అందుకే మెమోయిర్‌లో రాసిన పాత మట్టం, అది ఏ బెంచ్‌మార్క్ (ఎత్తు కొలవడానికి గుర్తు పెట్టుకున్న స్థిరమైన చోటు) నుంచి తీసుకున్నదో రెండూ కావాలి. అలుగు దగ్గరికి వెళ్లి చూడండి: కొట్టిన చోట రాతి కట్టు తెగి ఉంటుంది, పక్కనున్న పాత రాళ్ల మీద నీటి చార ఇంకా పైన కనబడుతుంది. దాన్ని స్కేలు పెట్టి ఫొటో తీయండి.

ఇంకో చిక్కు. రెవెన్యూ రికార్డులో చెరువు పేరు మీద ఉన్న విస్తీర్ణం, నీళ్లు నిలిచే విస్తీర్ణం ఒకటి కావు. ఆ తేడాలో ఉండేవి శిఖం పట్టాలు, అంటే నీళ్లు తీశాక సాగు చేసుకునే నేలలు. పట్టా ఉంది కాబట్టి లేఔట్ వేయొచ్చని వాదిస్తారు. పట్టా ఉన్నంత మాత్రాన ఎఫ్‌టీఎల్ లోపల ఇల్లు కట్టే హక్కు రాదు. తెలంగాణలో 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు కూడా వదలాలి. ఆ పట్టాదార్లను మాత్రం దొంగల్లా చూపకండి. వాళ్లలో చాలామంది చిన్న రైతులు, నిజాయితీగా సాగు చేసుకునేవాళ్లు. వాళ్లు మీ వైపు నిలబడితే కేసు బలపడుతుంది.

ఇక కేసు ఎక్కడ వేయాలన్నది. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) బెంచ్ మన రెండు రాష్ట్రాలకూ చెన్నైలో ఉంది. నష్టపరిహారం అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలు, అడిగితే అడిగిన మొత్తంలో ఒక శాతం. కానీ ఎన్జీటీ వినేది దాని మొదటి షెడ్యూల్‌లో ఉన్న చట్టాల కింద వచ్చే వివాదాలనే. అందులో నీరు, భూమి, చెట్ల రక్షణకు ఉన్న రాష్ట్ర వాల్టా చట్టం లేదు, భూఆక్రమణ చట్టమూ లేదు, వన్యప్రాణి చట్టమూ లేదు. ఉత్త ఆక్రమణ అని రాస్తే ఇది భూవివాదం అని తిప్పి పంపుతారు. చిత్తడి నేలల నియమాలు, 2017 చూపిద్దామంటే, సాగునీటి కోసం కట్టిన చెరువులను, తాగునీటి కోసం తవ్విన వాటిని నిర్వచనంలోంచే తీసేశారు. మన చెరువుల్లో అత్యధికం సాగునీటివే. కొత్త లాయర్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

దీనికి దారి నీటి చట్టం, 1974లో ఉంది. సెక్షన్ 2(జె)లో ‘స్ట్రీమ్’ అంటే నది ఒక్కటే కాదు. ప్రస్తుతానికి ఎండిన వాగు, సహజమైనదైనా మనుషులు కట్టినదైనా లోతట్టు జలాశయం, భూగర్భజలం అన్నీ అందులోకి వస్తాయి. మురుగు వదలడం సెక్షన్ 24 కిందికి వస్తుంది. కాబట్టి మీ చెరువు విషయంలో మురుగును ముందు పెట్టి, పూడిక వల్ల, ఆక్రమణ వల్ల నీటికి జరిగిన నష్టాన్ని దానికి జతచేసి ఎన్జీటీకి వెళ్లొచ్చు. సర్వే, హద్దు రాళ్లు, ఆక్రమణల తొలగింపు మాత్రమే కావాలంటే ఆర్టికల్ 226 కింద హైకోర్టే సరైన చోటు.

గడువు మరిచిపోకండి. ఎన్జీటీ చట్టం సెక్షన్ 14 కింద కారణం మొదట పుట్టిన రోజు నుంచి ఆరు నెలలు, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. ప్రహరీ రెండేళ్ల క్రితమే కట్టారని అవతలివాళ్లు మొదటి వాయిదాలోనే అంటారు. అందుకే అదే చట్టం సెక్షన్ 15 కింద పర్యావరణ పునరుద్ధరణ కూడా ప్రార్థనలో అడగాలి. దానికి గడువు అయిదేళ్లు.

మురుగు నిరూపించడానికి మీరు సొంతంగా తీయించిన శాంపిల్ కేసు మొదలుపెట్టడానికి పనికొస్తుంది. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ సిబ్బందితోనే తీయించండి. ఐసులో పెట్టి అదే రోజు ల్యాబ్‌కి చేర్చాలి, ఆలస్యమైతే బీఓడీ (నీటిలో మురుగు ఎంతుందో చెప్పే కొలత) అంకెకు విలువ ఉండదు. కరిగిన ఆక్సిజన్ అక్కడికక్కడే కొలవాలి. మురుగు కలిసేచోట ఒకటి, తూము దగ్గర ఒకటి, నీరు లోపలికి వచ్చే వాగు దగ్గర ఒకటి తీస్తేనే ఎవరి మురుగో తేలుతుంది. కాలుష్య నియంత్రణ మండలి అధికారులు తీసే శాంపిల్‌కి మాత్రం నీటి చట్టం సెక్షన్ 21 పద్ధతి ఉంది: అక్కడున్న యజమానికి నోటీసు ఇవ్వడం, రెండు భాగాలు చేయడం, సీలు, సంతకాలు. అవి తప్పితే రిపోర్టు సాక్ష్యంగా చెల్లదు. కాబట్టి వాళ్లు వచ్చిన రోజు మీరూ అక్కడ ఉండండి. హైకోర్టులోనో క్రిమినల్ కేసులోనో వాడబోయే ఫోన్ ఫొటోలకు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ రెండు భాగాలూ సిద్ధం చేసుకోండి.

తీర్పుల్లో రెండు చాలా దగ్గరగా చదవాలి. 1999 నాటి ఎం.వి. నాయుడు తీర్పు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహక ప్రాంతం గురించి. హాని లేదని నిరూపించాల్సిన బరువు పరిశ్రమ పెట్టేవాళ్ల మీదే ఉంటుందని అందులో తేల్చారు. 2006 నాటి ఇంటలెక్చువల్స్ ఫోరం తీర్పు తిరుపతి అవిలాల, పేరూరు చెరువుల గురించి. ప్రభుత్వం చెరువుకి ధర్మకర్త మాత్రమేనన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు అక్కడ గట్టిగా నిలబెట్టింది, అయినా అవిలాలలో అప్పటికే కట్టేసిన ఇళ్లు అలాగే ఉండిపోయాయి. కొత్తవి కట్టొద్దని, ఉన్న ఇళ్లకు వాన నీటి నిల్వ ఏర్పాటు చేయాలని, ఇలాంటి ఆదేశాలే వచ్చాయి. కేసు వేసిన రోజే స్టే కోసం ఎందుకు పట్టుబట్టాలో దీనితో అర్థమవుతుంది.

కేసులు పోయే కారణాలు చాలావరకు చిన్నవే. ప్లాట్లు కొన్నవాళ్లను ప్రతివాదులుగా చేర్చకపోతే, మా మాట వినలేదని వాళ్లు పై కోర్టుకి వెళ్తారు, ఆర్డరు నిలవదు. 1905 నాటి భూఆక్రమణ చట్టం సెక్షన్ 7 నోటీసు ఇవ్వకుండా తహసీల్దారు జేసీబీ తెస్తే ఆ సాయంత్రానికే స్టే వస్తుంది. నోటీసు ఇచ్చారో లేదో ముందే కనుక్కోండి. ఎన్జీటీ జాయింట్ కమిటీని వేస్తే, తనిఖీ రోజున మీ పటం, మెమోయిర్ కాపీ రాతపూర్వకంగా వాళ్లకిచ్చి రసీదు తీసుకోండి. రిపోర్టు వచ్చాక అభ్యంతరాలు వేయడం మానొద్దు.

సంపాదన సంగతి. ఈ కేసుల్లో ఫీజు చాలా తక్కువ, కొన్నిట్లో అసలుండదు. సివిల్ భూమి కేసులతో ఆఫీసు నడుపుతూ ఏడాదికి రెండు మూడు చెరువు కేసులు పూర్తిగా చూసుకోవడం సాధ్యమయ్యే పద్ధతి. కాలుష్య నియంత్రణ మండలి ప్యానెల్‌లో చేరాలా వద్దా అన్నది ముందే తేల్చుకోండి. చేరితే దాని మీద వాదించలేరు. ఆర్డరు వచ్చాక కూడా పని ఉంటుందని లెక్కలో వేసుకోండి: గడువు తేదీలు రాసుకుని, అమలు కాకపోతే ఎన్జీటీ చట్టం సెక్షన్ 25 కింద ఎగ్జిక్యూషన్ దరఖాస్తు వేయాలి. దానికి ఆర్డరు తేదీ నాటి హద్దు రాళ్ల ఫొటోలు, నంబర్లతో సహా, మీ ఫైల్లో ఉండాలి.