నొప్పులు రాకముందే కొండ దిగాలి

అమ్మడూ,

పాడేరు ఏజెన్సీలో నీకు ఏఎన్ఎం పోస్టింగ్ వచ్చిందని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నేనూ ఆ కొండల్లోనే పనిచేసి రిటైరయ్యాను కాబట్టి రాస్తున్నా.

మైదానంలో 5,000 మందికి ఒక ఆరోగ్య సబ్ సెంటర్ అయితే, కొండల్లో 3,000 మందికే ఒకటి ఉండాలని రూలు. కాగితం మీద నీకు పని తక్కువే! కానీ ఆ జనం కొండకో గూడెంగా చెదిరి ఉంటారు. 108కి ఫోన్ చేస్తే బండి వస్తుంది, రోడ్డు ఆగినచోట ఆగుతుంది. అక్కడిదాకా కర్రకి కట్టి భుజాల మీద మోసే డోలీయే. అందుకే నొప్పులు రాకముందే గర్భిణిని కొండ దింపాలి. మిగతా పనులన్నీ దీని తర్వాతే.

ముందు డెలివరీ తేదీ తేల్చుకో. నెలసరి ఎన్నో తారీఖున వచ్చిందంటే చాలామంది చెప్పలేరు. ఏ పండగకి ముందు, ఏ సంత తర్వాత అని అడుగు. మూడో నెల దాటకుండా అడిగితే లెక్క బాగా కుదురుతుంది. ఆ తేదీకి రెండు వారాల ముందే గర్భిణుల వసతి గృహంలో చేర్చు. వానాకాలమైతే ఇంకా ముందే, గెడ్డ, అంటే కొండవాగు, పొంగిందంటే డోలీ కూడా దాటదు.

రానంటుంది. మొండితనం అనుకోకు. పెద్దపిల్లాడిని ఎవరు చూస్తారు, మేకల్ని ఎవరు తోల్తారు, తోడొస్తే మొగుడి కూలి పోదా? వీటికి దారి చూపించకుండా ఎంత చెప్పినా వినదు. అత్తగారితో మాట్లాడు. పిల్లాడిని వెంట ఉండనిస్తారేమో వసతి గృహంలో అడుగు. భయపెట్టి తీసుకొస్తే రాత్రికి రాత్రే వెళ్లిపోతుంది. మంత్రసానిని మాత్రం తిట్టకు. ఆవిడ వెళ్లమంటే వెళ్తారు, కుదిరితే ఆవిడనే తోడు రమ్మను. ఒడియా మాట్లాడే గూడేలకి ఆశా కార్యకర్త లేకుండా వెళ్లకు.

హిమోగ్లోబిన్ 7 గ్రాముల కన్నా తగ్గితే పీహెచ్‌సీలో ఆపొద్దు, రక్తం ఎక్కించే ఆసుపత్రికే పంపు. ఆ కొండల్లో సికిల్ సెల్ అనే రక్తం జబ్బు కూడా ఉంది, ఐరన్ మాత్రలిచ్చి ఊరుకోకుండా ఆ పరీక్షా చేయించు. జ్వరమంటే ముందు మలేరియా కిట్ తియ్యి.

ఎంత చేసినా ఏదో ఒక రాత్రి డోలీ కట్టాల్సి వస్తుంది. ఫోన్ సిగ్నల్ ఏ మలుపులో దొరుకుతుందో, మోసేవాళ్లెవరో ఇప్పుడే తెలుసుకో. డోలీ మోసిన ప్రతిసారీ తేదీ, ఊరు, ఎంత దూరం మోశారో రాసి మెడికల్ ఆఫీసరుకి ఇచ్చి, కాపీ నీ దగ్గర ఉంచుకో. రోడ్డు గురించి గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలో అడగడానికి ఆ ఊరివాళ్లకి అదే ఆధారం.

పెద్దనాన్న వచ్చే వారం పాడేరు వస్తున్నారు. నా బీపీ మిషన్, గొడుగు పంపిస్తున్నా.

పెద్దమ్మ