కౌలాలంపూర్‌లో ఒక పగలు దొరికితే

"అక్కా, మాది ఖమ్మం. మాస్టర్స్ చదవడానికి మెల్‌బోర్న్ వస్తున్నాను. పొద్దున 7 గంటలకు కౌలాలంపూర్‌లో దిగుతాను, తర్వాతి విమానం రాత్రి 10:30కి. ఈలోపు ఊళ్ళోకి వెళ్ళి రావచ్చా? మా నాన్న మాత్రం ఎయిర్‌పోర్ట్ దాటి అడుగు బయట పెట్టొద్దంటున్నారు."

తమ్ముడూ, తప్పకుండా వెళ్ళిరా. 18 ఏళ్ళ కింద నేను ఇదే దారిలో వచ్చాను. 9 గంటలు ఎయిర్‌పోర్ట్‌లో ఒకే కుర్చీలో, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు మనకు వీసా కావాలి, చెప్పేవాళ్ళు కూడా లేరు. నీకు ఆ ఇబ్బంది లేదు. 2023 డిసెంబర్ 1 నుంచి మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకు మలేషియాలో 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు. ఈ వెసులుబాటును 2026 చివరి వరకు పొడిగించారు. అయినా బయల్దేరే వారం ముందు మలేషియా ప్రభుత్వ సైట్‌లో ఒకసారి చూసుకో. బయటకు వెళ్ళాలంటే డిజిటల్ అరైవల్ కార్డ్ నింపాలి, దిగడానికి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు. అది పూర్తిగా ఉచితం. డబ్బులు అడిగే సైట్ కనిపించిందంటే అది అసలుది కాదు.

అంతకన్నా ముందు నీ టికెట్ చూడు. హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్ దాకా ఒకే బుకింగ్ అయితే పెద్ద పెట్టెలు నేరుగా మెల్‌బోర్న్‌కే వెళ్ళాలి. శంషాబాద్ కౌంటర్‌లో ట్యాగ్ మీద మెల్‌బోర్న్ అని ఉందో లేదో నీ కళ్ళతో చూసుకో. చౌకగా వస్తున్నాయని రెండు టికెట్లు విడివిడిగా కొని ఉంటే కథ వేరు. కౌలాలంపూర్‌లో పెట్టెలు తీసుకోవాలి, మళ్ళీ చెక్‌ఇన్ చేయాలి. రెండో విమానం వేరే టెర్మినల్ నుంచి అయితే పెట్టెలతో సహా అక్కడికి మారాలి. అప్పుడు పెట్టెలను లగేజ్ కౌంటర్‌లో దాచిపెట్టి, ఊరికి రెండు గంటలు తగ్గించుకో.

ఇక టైమ్ లెక్క. దీన్ని వెనక నుంచి వేయాలి. విమానం 10:30కి అంటే 7 గంటలకల్లా ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి, అంటే 6 గంటలకు ఊళ్ళో ట్రైన్ ఎక్కాలి. దిగాక ఇమ్మిగ్రేషన్‌కు గంటన్నర పోతుందనుకో. మధ్యలో మిగిలేది ఎనిమిది తొమ్మిది గంటలు, ఒక ఊరి మొహం చూడటానికి చాలినంత. అదే హాల్ట్ ఏడు గంటలకన్నా తక్కువైతే మాత్రం మీ నాన్నగారి మాటే వినమంటాను. ఎయిర్‌పోర్ట్ ఊరికి సుమారు 55 కిలోమీటర్ల దూరంలో ఉంది మరి.

ఆ దూరానికి ఎక్స్‌ప్రెస్ ట్రైన్ ఉంది. ఒకటో టెర్మినల్ నుంచి ఊళ్ళోని కేఎల్ సెంట్రల్ స్టేషన్‌కు 28 నిమిషాలు. ఒకవైపు టికెట్ 55 రింగిట్‌లు, మన డబ్బుల్లో వెయ్యి పైనే. స్టూడెంట్‌కు అది పెద్ద ఖర్చే, ఒప్పుకుంటాను. వెళ్ళేటప్పుడు బస్సులో వెళ్ళు, బాగా చౌక, గంటకు పైగా పడుతుంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ట్రైనే ఎక్కు. 2024లో అమ్మను తీసుకొస్తూ సాయంత్రం ఊళ్ళోంచి కారు మాట్లాడుకున్నాను. వాన పట్టుకుంది, రోడ్డు మీద కార్లు కదల్లేదు. రెండు గంటలు ఆ వెనక సీట్లో అమ్మ నా చెయ్యి వదల్లేదు. విమానం అందింది గానీ ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. అక్కడ మధ్యాహ్నం దాటాక ఉరుముల వాన తరచుగా పడుతుంది, హ్యాండ్ బ్యాగులో గొడుగు పెట్టుకో.

పొద్దున్నే ఎండ ముదరకముందు బతు కేవ్స్ అనే గుహల గుడికి వెళ్ళు. కేఎల్ సెంట్రల్ నుంచే లోకల్ ట్రైన్ ఉంది, అరగంట పైన, టికెట్ చాలా తక్కువ. రైళ్ళ మధ్య ఎడం ఎక్కువ కాబట్టి దిగగానే తిరుగు బండి ఎప్పుడో చూసుకో. స్టేషన్ బయటికి రాగానే ఆకుపచ్చ రంగులో నిలువెత్తు ఆంజనేయస్వామి కనిపిస్తాడు. ఆయన పక్కనే రామాయణ గుహ, చిన్న టికెట్. లోపల కుంభకర్ణుణ్ణి నిద్ర లేపుతున్న బొమ్మల దగ్గర అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. ఇంకాస్త ముందుకు నడిస్తే 140 అడుగుల మురుగన్, అంటే మన సుబ్రహ్మణ్యస్వామి, బంగారు రంగులో. ఆయన పక్క నుంచే 272 మెట్లు పైకి సున్నపురాయి గుహలోకి వెళ్తాయి. మెట్లకు 2018లో రంగులు వేశారు. పైన గుహ కప్పు తెరుచుకుని ఉంటుంది, అక్కడి నుంచి వెలుతురు గుడి మీద పడుతుంది. నిక్కరుతో వెళ్ళకు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకో. కోతులు చేతిలో కవరు కనిపిస్తే లాక్కుంటాయి, పాస్‌పోర్ట్ మాత్రం జిప్ ఉన్న బ్యాగులో, ఒంటి మీదే ఉండాలి.

మధ్యాహ్నానికి మళ్ళీ కేఎల్ సెంట్రల్. దాని పక్కనే బ్రిక్‌ఫీల్డ్స్, అక్కడి లిటిల్ ఇండియా. అరిటాకులో వేడన్నం, సాంబారు, రసం దొరుకుతాయి. ఇంటి నుంచి బయల్దేరిన మర్నాడు ఆ రసం ఎంత హాయిగా ఉంటుందో తిన్నప్పుడు తెలుస్తుంది. నువ్వు శాకాహారివైతే మలయ్ హోటళ్ళలో జాగ్రత్త. కూరగాయల వేపుళ్ళలో కూడా బెలచాన్ అనే రొయ్యల ముద్ద వేస్తారు. బ్రిక్‌ఫీల్డ్స్‌లో వెజ్ హోటళ్ళు ఉన్నాయి, అక్కడే తిను. ఈ వీధుల్లో వినిపించేది ఎక్కువగా తమిళమే. కానీ బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన కోస్తా జిల్లాల నుంచి ఇక్కడి తోటల్లో పనికి వచ్చిన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఉగాది చేసుకుంటున్నారు. మనం చదువుకోవడానికి వెళ్తున్నాం, వాళ్ళు రబ్బరు పాలు తియ్యడానికి వచ్చారు. ఆ వీధిలో నడుస్తుంటే నాకు వాళ్ళే గుర్తొస్తారు.

ఓపిక ఉంటే అక్కడి నుంచి ఎల్‌ఆర్‌టీ అనే సిటీ ట్రైన్‌లో ఐదు స్టేషన్లు వెళ్తే కేఎల్‌సీసీ స్టేషన్. 452 మీటర్ల పెట్రోనాస్ టవర్స్ అక్కడే. పైకి వెళ్ళే టికెట్‌కు డబ్బూ సమయమూ ఖర్చు చేయకు, వెనక పార్కులో కూర్చుని చూస్తే చాలు. వాన వస్తే కిందనే మాల్ ఉంది. దారిలో మస్జిద్ జమేక్ స్టేషన్ వస్తుంది. రెండు నదులు కలిసే ఆ చోటే ఊరు పుట్టింది, కౌలాలంపూర్ అంటే బురద నీళ్ళ సంగమమని అర్థం.

అక్కడ పండ్లు ఎంత బాగున్నా తినేసి రా, మెల్‌బోర్న్‌కు మోసుకురాకు. బయటి నుంచి తెగుళ్ళు, పురుగులు రాకుండా సామాను తనిఖీ చేసే ఆస్ట్రేలియా బయోసెక్యూరిటీ వాళ్ళు చాలా గట్టిగా ఉంటారు. ఎయిర్‌పోర్ట్‌కు రాగానే గేటు నంబర్ చూడు. దూర ప్రయాణాల విమానాలు చాలావరకు ఒకటో టెర్మినల్‌కు విడిగా ఉన్న శాటిలైట్ భవనం నుంచి వెళ్తాయి, అక్కడికి చేరడానికి ఇంకో 20 నిమిషాలు వేసుకో. గేటు ముందు కూర్చున్నాక ఎయిర్‌పోర్ట్ వైఫైలో నాన్నగారికి ఫోన్ చెయ్యి. అక్కడ 9:30 అయితే ఖమ్మంలో అప్పుడే 7 అవుతుంది.