జరిమానా వేసినా నీళ్ల వాడకం ఎందుకు పెరిగిందంటే

పటమటలో మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు ఎక్కువ వాడేవాళ్లకు జరిమానా పెడితే వాడకం ఇంకా పెరిగిందన్నారు కదండీ. వింతేం కాదు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో, పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు డేకేర్లు జరిమానా వేస్తే ఆలస్యాలు పెరిగాయి. జరిమానా ఎత్తేసినా తగ్గలేదు. ఆర్థికవేత్తలు గ్నీజీ, రస్టికినీ 2000లో ప్రచురించిన అధ్యయనం అది. మొహమాటం పోయి, ‘డబ్బు కడుతున్నాం కదా’ అన్న ధీమా వచ్చేస్తుంది.

ఒక అలవాటు జనంలో ఎలా పాకుతుందో లెక్కగట్టే పరిణామ గేమ్ థియరీలో మనుషులు పెద్దగా లెక్కలు వేసుకోరు, లాభపడుతున్నవాణ్ని చూసి అనుకరిస్తారు. పైపుతో రోజూ కారు కడిగే ఆయన్ని ఎవరూ అడగకపోతే మిగతావాళ్లు బకెట్‌తో ఎందుకు సర్దుకుంటారు?

ఫ్లాటుకో మీటరు పెట్టించి, రీడింగులు లిఫ్ట్ దగ్గర అంటించండి. మొదటిసారి మందలింపు చాలు, మళ్లీ చేస్తేనే జరిమానా. ఉమ్మడి వనరులను జనమే ఎలా కాపాడుకుంటారో పరిశోధించి, 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రోమ్ చెప్పిన మెట్ల పద్ధతి (తప్పు పెరిగేకొద్దీ శిక్ష పెంచడం) ఇదే. ప్రెసిడెంటు గారి రీడింగు కూడా అంటించాలి సుమా!