కవర్ లెటర్‌లో మొదటి వాక్యం ఎందుకు తప్పంటున్నారు?

మీరు రాసిన 'హ్యావింగ్ కంప్లీటెడ్ మై బీటెక్, మై ఫస్ట్ జాబ్ వాజ్ ఇన్ పుణె'లో కామా సరైన చోటే ఉందండీ. లోపం దాని తర్వాతి మాటలో ఉంది. కామాకి ముందున్న ఇలాంటి పదబంధంలోని పని ఎవరు చేశారో, కామా దాటగానే కర్తగా వాళ్లే రావాలి. మీ వాక్యం ప్రకారం బీటెక్ పూర్తి చేసింది ఉద్యోగం! తెలుగులోనూ 'బీటెక్ పూర్తి చేసి నా మొదటి ఉద్యోగం వచ్చింది' అంటే చెవికి ఎబ్బెట్టుగానే ఉంటుంది కదా.

రెండు రకాలుగా సరిచేయొచ్చు. కర్తను మార్చి 'హ్యావింగ్ కంప్లీటెడ్ మై బీటెక్, ఐ టుక్ మై ఫస్ట్ జాబ్ ఇన్ పుణె' అనండి. లేదా ముందు భాగానికే కర్తను ఇచ్చి 'ఆఫ్టర్ ఐ కంప్లీటెడ్ మై బీటెక్' అని మొదలుపెట్టండి. అప్పుడు రెండో సగం మార్చక్కర్లేదు. కవర్ లెటర్‌కి నేనైతే మొదటిదే వాడతాను.

కామా సంగతి: వాక్యం మొదట్లో వచ్చే 'ఇన్ 2021' లాంటి చిన్న పదబంధం తర్వాత పెట్టినా మానేసినా తప్పు కాదు, పొడవైతే పెట్టండి. కానీ 'వర్కింగ్ ఇన్ టీమ్స్ టాట్ మీ పేషెన్స్'లో మొదటి మూడు మాటలే కర్త. వాటి తర్వాత కామా పెడితే తప్పే.